పలకని ప్రతిజ్ఞలు

ఆదివారం పొద్దున మునిర్కాలోని మా అద్దె ఇంట్లో అందరం కూర్చుని త్రిశరణం చెప్పుకోవడం ఏళ్లనాటి అలవాటు. మొన్న మా అమ్మాయి కూర్చోలేదు. "మీరు దేవుణ్ణి వదిలారు సరే, మరి ఈ దీపం, దండం ఎందుకు? నాకు ఏ మతమూ వద్దు" అంది. మాకు కోపం వచ్చింది. ఊరమ్మకు మొక్కనన్న రోజున మా నాన్నకు వచ్చిన కోపం లాంటిదే అది. ఆ పోలిక తట్టాక సిగ్గేసింది.

గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. పిల్లలకు లవణం, విజయం, సమరం అని పేర్లు పెట్టారు. లవణం గారు జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడి, తండ్రి బాటలోనే నడిచారు. ఆ ఇల్లంటే మాకు గౌరవం. అయినా ఒక సందేహం: నాస్తికత్వమైనా తండ్రి చేతి నుంచి అందితే, దాన్ని బిడ్డ మళ్లీ తనంతట తాను తేల్చుకోనక్కర్లేదా?

ఈ ప్రశ్న ముందు మనకే తగులుతుంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలను ఎవరి నోటితో వారు పలికారు. మన పిల్లలు మాత్రం పలకకుండానే బౌద్ధులైపోయారు. గురువు చెప్పాడని కూడా ఒప్పుకోవద్దని కేసపుత్తంలో కాలాములకు బుద్ధుడు చెప్పిన మాటను మేము ఎన్నో సభల్లో చెప్పాం. ఇంట్లో వినాల్సి వస్తుందనుకోలేదు. లా చదివినవాళ్లం కదా, 25వ అధికరణం మతం కంటే ముందు అంతరాత్మ స్వేచ్ఛనే చెబుతుందని కూడా తెలుసు!

నిన్న ఆదివారం పిలవలేదు. వందనం అయ్యేసరికి తను టీ పెట్టి, బస్తీలో ఒకావిడ వితంతు పింఛను దరఖాస్తు నింపుతూ కూర్చుంది.