గోడ సున్నం, దొడ్డిగుమ్మం

పాత ఇళ్ళు బాగుచేయించుకునేవాళ్ళను చూస్తుంటే ఒక సంగతి నన్ను బాధపెడుతుంది. ఉంచుకోవలసినవి తీసేస్తున్నాం, తీసేయవలసినవి పదిలంగా దాచుకుంటున్నాం. చెక్కడపు స్తంభానికి పాలిష్ పెట్టించి, దాని మీద వెలుగు పడేలా లైటు బిగిస్తాం. దాని వెనక గోడకున్న సున్నమంతా చెక్కించి సిమెంటు పూయిస్తాం. స్తంభం ఫొటోలో పడుతుంది, గోడ ఎవరి కంటా పడదు. కోనసీమలో మా తాతలనాటి మండువా లోగిలికి మరమ్మతు మొదలుపెట్టాక నా ఆలోచనంతా ఆ గోడ చుట్టూనే తిరుగుతోంది.

అది గానుగ సున్నంతో కట్టిన గోడ. సున్నమూ ఇసుకా కలిపి, ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద నూరేవారు. బెల్లపు నీళ్ళో, కరక్కాయ నానేసిన నీళ్ళో పోసేవారు. సున్నపురాయినిగానీ గుల్లనుగానీ బట్టీలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది. గోడకెక్కిన సున్నం గాలిలోంచి ఆ వాయువునే మళ్ళీ కొంచెం కొంచెంగా పీల్చుకుని తిరిగి రాయవుతుంది. దానికి ఏళ్ళు పడుతుంది. కట్టిన మేస్త్రి పోయాక కూడా ఆయన గోడ గట్టిపడుతూనే ఉంటుందన్నమాట. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు ఆ గోడ దగ్గరే నిలబడిపోయాను.

గోదావరి లంకల్లో, డెల్టా నేలల్లో భూమి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. పాత పునాదుల్లో ఆ చెమ్మను అడ్డుకునే పొర వేసేవారు కారు. చెమ్మ గోడలోకి పాకేది, సున్నపు పూతలోంచి గాలికి ఆరిపోయేది. సిమెంటు పూసేసరికి దానికి దారి మూసుకుపోతుంది. ఇంకా పైకి ఎగబాకుతుంది. ఉప్పు పేరుకుని పూత పెచ్చులూడుతుంది. గోడలో దిగిన దూలం కొన మెత్తబడుతుంది. అప్పుడు నిందంతా ఇంటి వయసు మీద వేస్తాం.

మా మేస్త్రి కూడా మొదట సిమెంటే అన్నాడు. "సున్నమైతే ఏటా చూసుకోవాలండి. సిమెంటు కొట్టించేస్తే మళ్ళీ దాని మొహం చూడక్కర్లేదు." ఆ మాట ఆయన ఒక్కడిదే కాదు, ఈ కాలం మొత్తానిది. మళ్ళీ మొహం చూడనక్కర్లేని ఇల్లు కావాలి మనకు. పాత ఇల్లు దానికి పూర్తిగా ఎదురు. సంక్రాంతికి ముందు వెల్ల వేయించుకుంటుంది. తొలకరికి ముందు కప్పెక్కి పగిలిన పెంకు మార్చమంటుంది. చెదపుట్ట ఎక్కడ లేస్తోందో వెతికిస్తుంది. ఇదంతా బెడదే, కాదనను. కానీ ఆ బెడద వల్లే ఏడాదికొకసారైనా ఇంట్లో ఎవరో ఒకరు ప్రతి వాసాన్నీ కంటితో చూసేవారు, ప్రతి గోడనూ చేత్తో తడిమేవారు. అక్కర పడని చోటికి మన చూపు పోదు. చూపు పోనిదాని మీద మమకారం ఎన్నాళ్ళుంటుంది?

పాతది ముట్టుకోకూడదనే పక్షం కాదు నాది. మా ఇంటిని మా తాతే మార్చాడు. మొదట కప్పంతా గూన పెంకే. మంగుళూరులో జర్మన్ మిషనరీలు 1865లో పెంకుల కార్ఖానా పెట్టాక ఆ తరహా బల్లపరుపు పెంకులు మెల్లగా దక్షిణాదంతా పాకాయి, మా సావిడి మీదికీ ఎక్కాయి. గూన పెంకు గొడ్లపాక మీద మిగిలింది. స్తంభాల టేకు బర్మా నుంచి ఓడలో వచ్చిందని ఇంట్లో చెప్పుకునేవారు. కాకినాడకూ రంగూనుకూ రాకపోకలు సాగిన రోజులవి. ఏ ఏటి ఇంటిని అసలు ఇల్లనాలి?

పూరీలో అధిక ఆషాఢం వచ్చే సంవత్సరాల్లో జగన్నాథుడి దారు విగ్రహాలనే కొత్తగా చేస్తారు. 1996లో చేశారు, 2015లో చేశారు. పాత విగ్రహాలను ఆలయ ప్రాంగణంలోనే పూడ్చిపెడతారు. వాటిలోని బ్రహ్మపదార్థాన్ని మాత్రం కొత్తవాటిలోకి చేరుస్తారు. దేవుడి కొయ్యకే లేని పట్టింపు మా దూలానికి ఎందుకు? చేర్చవలసినదేదో తెలిసి ఉండాలి, అంతే.

నా మటుకు నాకు మా ఇంట్లో అది స్తంభం కాదు, గడప కాదు. తర్వాతివాడి చేతికి చోటు మిగల్చడం. పెంకు విడిగా వస్తుంది, వాసం విడిగా వస్తుంది, సున్నం మీద సున్నం పడుతుంది. ఒకటి చెడితే అదొక్కటే మారుతుంది. కట్టినవాళ్ళు తమ తర్వాత ఇంకొకరు ఉంటారని నమ్మి కట్టారు.

మరి దాచుకోకూడనివి? వంటింట్లో కిటికీ లేదు. మామ్మ పిడకల పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఇంతమందికి వండింది. పొగ మాత్రం పెంకుల సందుల్లోంచి తీరిగ్గా పోయేది. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు విడిగా కూర్చున్న పెరటి పంచ ఉంది. వీధిగుమ్మంలోంచి రానివ్వని మనుషుల కోసం పెట్టిన దొడ్డిగుమ్మం ఉంది. మా పొలం పండించినవాళ్ళు ఆ గుమ్మం బయటే నిలబడి మాట్లాడేవారు. ఇవన్నీ కూడా మా పెద్దలు ఆలోచించి కట్టినవే. గోడలోని సున్నాన్ని గౌరవించే చేత్తోనే వీటిని పడగొట్టాలని నా పట్టుదల. రాగి గంగాళంలో పూలు తేలేసి సావిడిలో పెట్టడం తేలిక. వంటింటి గోడకు కిటికీ కొట్టించడానికి మాత్రం ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. తూర్పు గోడ ముట్టుకోకూడదని పెదనాన్న వాస్తు తీశాడు. మా పెద్దత్త ఆయనకు ఒక్కటే మాట చెప్పింది: "అన్నయ్యా, ఆ పొగలో నువ్వెప్పుడు కూర్చున్నావు?" కిటికీ వచ్చింది.

పెరటి పంచ తీసేశాం. ఆ చోట స్నానాలగది, మరుగుదొడ్డి కట్టి, మెట్టు లేకుండా నట్టింటికి కలిపాం. ముసలితనంలో రాత్రివేళ టార్చి పట్టుకుని పెరడు దాటే అవస్థ ఇక మా అత్తలకు లేదు. దొడ్డిగుమ్మం మూసేసి, అందరికీ వీధిగుమ్మమే దారి చేశాం. నీళ్ళ గొట్టాల కోసం పాత గోడను చీల్చనివ్వలేదు. అవి గోడ బయటి నుంచే, మరలతో బిగించిన పట్టీల మీద పోతాయి. చూడ్డానికి అంత బాగుండవని వడ్రంగి కూడా అన్నాడు. నిజమే. ఎప్పుడైనా కారితే మాత్రం గోడ పగలగొట్టకుండా విప్పి మార్చుకోవచ్చు.