ఒంట్లో శక్తి ఉన్నప్పుడే

శ్రీవైష్ణవులు చరమశ్లోకాలుగా చెప్పుకునేవి మూడు: రాముడిది, కృష్ణుడిది, వరాహస్వామిది. వరాహస్వామి భూదేవికి చెప్పిన మాట తాత్పర్యం ఇది. మనసు నిమ్మళంగా, ఒళ్లు స్వాధీనంలో ఉన్నప్పుడు తనను తలచుకున్న భక్తుడు చివరి ఘడియలో కట్టెలా, రాయిలా పడి ఉన్నా సరే, అప్పుడు తానే అతణ్ణి తలచుకుని పరమగతికి చేరుస్తానంటాడు స్వామి. ఆపద ముంచుకొచ్చాక మనిషి ఏం చేయగలడన్న ప్రశ్నే ఇక్కడ లేదు. అంతకుముందు ఏం చేశాడన్నదే ప్రశ్న.

సరదాకి డ్రోన్ ఎగరేసేవాళ్ల ముందుకూ ఈ ప్రశ్న ఒక అంకె రూపంలో వస్తుంది. రిమోట్‌తో సంబంధం తెగితే డ్రోన్ ఏ ఎత్తున వెనక్కి రావాలి? దాన్ని బయల్దేరకముందే చెప్పి ఉంచాలి. చాలా డ్రోన్లు సిగ్నల్ పోగానే ముందు ఆ ఎత్తుకు లేస్తాయి, తర్వాత బయల్దేరిన చోటికి తిన్నగా వస్తాయి. దారిలో అడ్డాన్ని పసిగట్టే సెన్సర్లు చవక డ్రోన్లకు ఉండవు. ఉన్నవాటిలోనూ చాలావాటికి చీకట్లో సరిగా కనపడదు, సన్నటి తీగలు కనపడటం మరీ కష్టం.

మంగళగిరిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గోపురం ఎత్తు 153 అడుగులు, అంటే సుమారు 47 మీటర్లు. అంతటి కట్టడం దారిలో ఉన్నచోట 30 మీటర్లు పెట్టుకున్న డ్రోన్ నేరుగా రాతికీ గచ్చుకీ గుద్దుకుంటుంది. 65 అయితే దాటిపోతుంది. అలాగని ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడానికీ లేదు. పైన గాలి ఉద్ధృతం, ఎదురుగాలిలో బ్యాటరీ త్వరగా ఖర్చయిపోతుంది. మామూలుగా అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో సైతం 120 మీటర్లు దాటాలంటే ముందు అనుమతి తీసుకోవాల్సిందేనని 2021 డ్రోన్ నియమాలు చెబుతున్నాయి. చెట్టు కొమ్మల కిందో వంతెన కిందో ఉండగా సిగ్నల్ పోతే, పైకి లేవడమే ప్రమాదం. అక్కడ ఉన్నచోటే నిలిచి ఉండమని చెప్పుకోవడం మేలు.

ఇక్కడే భక్తుడికీ డ్రోన్ యజమానికీ దారులు వేరవుతాయి. దేవుడు తలచుకుంటాడు, లోపాన్ని మన్నిస్తాడు. యంత్రానికి దయ లేదు, చెప్పిన అంకె మాత్రమే తెలుసు. ఆ అంకెను కూడా అది బయల్దేరిన నేల నుంచే కొలుస్తుంది. పాపికొండల మధ్య గోదావరి ఒడ్డున లేచిన డ్రోన్‌కు 100 మీటర్లు చెప్పినా, పక్కనున్న కొండ అంతకు మించి ఉందని దానికి తెలియదు. కదిలే లాంచీ మీద నుంచి లేచిందా, లాంచీ ఎంత దూరం పోయినా అది మొదట గుర్తుపెట్టుకున్న చోటికే వచ్చి నడి గోదాట్లో దిగుతుంది.

అందుకే నిన్నటి అంకె ఇవాళ్టికి పనికిరాదు. బీచ్‌లో 20 మీటర్లు పెట్టుకుని హాయిగా ఎగరేసినవాడు అదే సెట్టింగుతో కోనసీమ కొబ్బరితోటల్లోకి వెళితే డ్రోన్ మొవ్వుల్లో ఇరుక్కుంటుంది. అలవాటుగా చేసిన నమస్కారంలో భక్తి ఉందో లేదో దేవుడికే తెలియాలి. అలవాటుగా వదిలేసిన అంకెలో మాత్రం జాగ్రత్త లేదని ఖాయంగా చెప్పొచ్చు. కొత్త చోట నిలబడి చుట్టూ ఒకసారి చూసి, డ్రోన్ తిరిగే మేరలో అన్నిటికంటే ఎత్తయినదేదో గుర్తించి, దానిపైన మరో పదిహేను మీటర్లు కలుపుకోవడానికి పట్టేది రెండు నిమిషాలే.

చేయి దాటిపోయాక జరిగినదానికి బాధ్యత ఎవరిదన్న విచారణ భారతంలోనే ఉంది. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ అస్త్రాలు వదులుతారు. వ్యాసుడు, నారదుడు అడ్డం నిలిస్తే అర్జునుడు తనదాన్ని ఉపసంహరిస్తాడు. అశ్వత్థామకు వదలడమే వచ్చు, వెనక్కి తీసుకోవడం రాదు. రాదన్నది అతనికి సాకు కాలేదు. కృష్ణుడు శపించాడు, తలమీది మణి పోయింది. అస్త్రం ఉత్తర కడుపులోని పసికందును తాకింది. డ్రోన్ కూలినప్పుడు "సిగ్నల్ పోయింది, నా చేతిలో లేదు" అనేవాడు కూడా అదే సాకు చెబుతున్నాడు. సిగ్నల్ పోకముందు అంకె అతని చేతిలోనే ఉంది. కింద నడుస్తున్న మనిషి చేతిలో ఎప్పుడూ లేదు.