నడివయసున నర్సు

నడివయసున నర్సు పని మొదలుపెట్టువారిని గూర్చి లోకము రెండు విధములుగా మాటలాడును. "ఇంత వయసున ఇదేమి పని?" అనువారు కొందరు, "ఎంత త్యాగము!" అని కొనియాడువారు మరికొందరు. ఈ రెండు మాటలును ఆ పనిలో చేరిన వ్యక్తిని గూర్చినవే గాని, మంచముపై నున్న రోగిని గూర్చినవి కావు. తన చేతికి సూది గ్రుచ్చు మనిషి ఏ ఉద్యోగము విడిచి వచ్చినదని రోగి అడుగడు. ఆ చేయి పని యెరిగినదా అన్నదే అతని భయము. కావున ఈ విషయమును ఆ మంచము ప్రక్కనుండి చూడవలెను.

రాయపూర్ నగరమునే తీసికొందము. విజయనగరమునుండి అచ్చటికి రైలు మార్గము 1931లో పూర్తియైనది. రైల్వే పనులకును వ్యాపారమునకును వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అచ్చట కలవు. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడగా రాయపూర్ రాజధాని యైనది. 2012లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ అచ్చట పని ప్రారంభించెను. అట్టి యొక తెలుగు ఇంటిలో, పండ్రెండేండ్లు బడిలో పాఠములు చెప్పిన స్త్రీ ముప్పదినాలుగవ యేట నర్సు శిక్షణలో చేరినదనుకొందము. ఆ వయసు ఊరక చెప్పినది కాదు. మన దేశములో నర్సింగు డిప్లొమా, డిగ్రీ శిక్షణలలో చేరుటకు సాధారణముగా 35 సంవత్సరములు గరిష్ఠ పరిమితి. అనగా తలుపు మూయుటకు ఒక్క యేడు ముందుగా ఆమె లోనికి వచ్చినది.

విచిత్రమేమనగా, అమెరికా అంతర్యుద్ధ కాలమున సైనికాసుపత్రుల నర్సులపై అధికారిణిగా నుండిన డొరొతియా డిక్స్, 35 ఏండ్లు నిండనివారిని తీసికొనరాదని 1862లో నియమము చేసెను. ఆమెయు పూర్వము బడిపంతులమ్మయే. 1861లో ఆ బాధ్యత స్వీకరించునాటికి ఆమెకు 59 ఏండ్లు. ఒకచోట అర్హతయైన వయసు మరియొకచోట అడ్డైనది. రెండింటను కొంత నిజమున్నది. వయసు ఓర్పును తెచ్చును, అలవాట్లనుగూడ తెచ్చును.

ఈ అలవాట్ల సంగతి కొంత నిదానముగా చూడవలసినది. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ వ్యాధి విస్తారముగా నున్నది. ఇది తలిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించు రక్తదోషము. గుండ్రముగా, మెత్తగా నుండవలసిన ఎర్ర రక్తకణములు కొడవలివలె వంగి, గట్టిపడి, సన్నని రక్తనాళములలో ఇరుకుకొనును. అప్పుడు ఎముకలలో, కీళ్లలో పుట్టు నొప్పి భరింపరానిది. అయినను పైకి గాయముండదు, జ్వరము లేకపోవచ్చును, నాడియు రక్తపోటును సరిగానే యుండవచ్చును. నొప్పిని కొలుచు యంత్రము లేదు. రోగి నోటిమాటయే ఆధారము. పలుమారులు ఆసుపత్రికి వచ్చినవాడు నొప్పితోనే ప్రక్కవారితో మాటలాడుటయు, నవ్వుటయు నేర్చుకొనును. అట్టివాడు మందు అడిగినచో "నటించుచున్నాడు" అని యనుమానించుట ఎన్నో దేశముల వార్డులలో జరిగినదే.

ఇచ్చట మన పంతులమ్మ అనుభవమేమి చేయును? పండ్రెండేండ్లు ఆమె పిల్లల కడుపునొప్పులను విన్నది. లెక్కల పరీక్షనాడు వచ్చు కడుపునొప్పిని ముఖము చూచియే కనిపెట్టగలదు. బడిలో అది నేర్పు. అదే చూపుతో పదునాలుగేండ్ల సికిల్ సెల్ బాలుని చూచి, "వీనికంత నొప్పి లేదు" అని నిశ్చయించి చార్టులో తక్కువ వ్రాసినచో, ఆ బాలుడు తెల్లవారువరకు వేదనపడును. ఆమె కఠినురాలు కాదు, సోమరి కాదు. ఇన్నాళ్లు తనకు ఉపయోగపడిన గుణమే ఆమెను త్రోవ తప్పించినది. ఇరువదిరెండేండ్ల నర్సుకు ఈ ప్రమాదము తక్కువ, తన చూపుపై ఆమెకింకను అంత నమ్మకము కలుగలేదు గనుక. (ఆ పిల్ల ప్రమాదములు వేరు.)

జీతము, హోదా విడుచుట కష్టమే. కాని విడిచినవారిని పదిమంది మెచ్చుకొందురు. "నాకు తెలియును" అనుదానిని విడుచుటను ఎవరును చూడరు. 1851లో ఫ్లారెన్సు నైటింగేల్ తన ముప్పదియొకటవ యేట జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌కు వెళ్లి, పాస్టర్ ఫ్లీడ్నర్ 1836లో స్థాపించిన డీకనెస్సుల సంస్థలో సుమారు మూడు మాసములు పని నేర్చుకొనెను. ఇంట సంపద గలది, అనేక భాషలు వచ్చినది. అచ్చట మాత్రము క్రొత్త విద్యార్థిని. 1860లో ఆమె పేర లండనులో నర్సుల పాఠశాల వెలసినప్పుడు, మంచి మనస్సు శిక్షణకు బదులు కాదన్న తలంపే దానికి పునాది. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములోని అపొల్లో సంగతియు చదువరు లెరుగుదురు. అంతటి పండితునికి మరింత వివరముగా బోధించినవారు డేరాలు కుట్టు దంపతులు. ఆ వృత్తిని చూచి అతడు ముఖము త్రిప్పుకొన్నట్లు అచ్చట వ్రాయబడలేదు.

అట్లయిన ఆ పండ్రెండేండ్లు వ్యర్థమా? కాదు. ఆ బాలుని ఇంటికి పంపునాడు తల్లికి చెప్పవలసినవి చాల గలవు: హైడ్రాక్సీయూరియా మాత్ర వైద్యుడు చెప్పినట్లు మానక వేయవలెను, నీరు బాగుగా త్రాగింపవలెను, జ్వరము వచ్చినచో తెల్లవారనిమ్మని ఆగక వెంటనే తీసికొని రావలెను. తల్లి ప్రతి మాటకు తలయూపును. తలయూపుట అర్థమగుట కాదని బడిపంతులమ్మకు తెలిసినంత మరెవ్వరికి తెలియును? ఆమె మూడవమారు విసుగులేక చెప్పి, "ఇప్పుడు నీవు నాకు చెప్పుము" అని అడుగును. చదువుకొన్న పల్లెటూరి తల్లియైనను, చదువురాని తల్లియైనను అచ్చట సరిగా గ్రహించి పోవును.

సికిల్ సెల్ రోగికి కొన్నిమారులు రక్తమెక్కింపవలసి వచ్చును. సంచి తగిలించుటకు ముందు ఇద్దరు మంచము ప్రక్క నిలిచి రోగి పేరు, రక్తపు గ్రూపు, సంచి సంఖ్య, గడువు తేదీ సరిచూతురు. ఒకరు పైకి చదువగా మరియొకరు కాగితముతో పోల్చుదురు. ఆ ఇద్దరిలో ఒకతెకు నలుబది, మరియొకతెకు ఇరువదిమూడు ఏండ్లు కావచ్చును. చిన్నది "దీదీ, ఇంకొకసారి చదువండి" అన్నచో, పెద్దది మొదటినుండి చదువును.