కదిలిన వేలికి కర్త ఎవరు?

శరీరం కదిలినప్పుడు ఆ కదలిక ఎవరిదన్న ప్రశ్నకు న్యాయవైశేషికులు ఇచ్చిన సమాధానంలో ఒక క్రమం ఉంది: జ్ఞానం వల్ల ఇచ్ఛ, ఇచ్ఛ వల్ల ప్రయత్నం, ప్రయత్నం వల్ల చేష్ట పుడతాయి, మొదటి మూడూ ఆత్మకు చెందిన గుణాలు, శరీరానికి చెందినది చివరి చేష్ట ఒక్కటే. ఊపిరి తీయడం వంటివి నిద్రలో సైతం ఇచ్ఛతో పని లేకుండా సాగుతాయి కనుక, వాటి కోసం ప్రాణాన్ని నిలిపే వేరొక ప్రయత్నాన్ని వైశేషిక ఆచార్యుడు ప్రశస్తపాదుడు ఒప్పుకున్నాడు. వైశేషిక సూత్రకర్త కణాదుడు అంతకంటే సూక్ష్మమైన భేదం ఒకటి చూపాడు. రోకలిని ఎత్తే చేతిలో ప్రయత్నం ఉంది గాని, రోట్లో పోటు పడి రోకలి పైకి ఎగిరినప్పుడు దానితోపాటు లేచే చేతిలో ప్రయత్నం లేదు. ఆ కదలికకు రోకలి తాకిడే కారణం. కదిలింది అదే చెయ్యి అయినా, రెండో కదలిక ఆత్మ చేసినది కాదు.

ఈ విభజనకు చిక్కు తెచ్చే ప్రయోగం 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగింది. ఆంథొనీ బార్కర్ బృందం, 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రాన్ని వాడుకొని, తలకు ఆనించిన తీగచుట్టలోకి క్షణమాత్రం విద్యుత్తును పంపింది. దాని చుట్టూ లేచిన అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి, కండరాలను నడిపే మెదడు పైపొర అయిన చలన వల్కలంలో స్వల్ప విద్యుత్ప్రవాహాన్ని పుట్టించగా, అవతలి వైపు చేతి కండరాలు ముడుచుకున్నాయి. కోత లేదు, మత్తు లేదు. కారణం బయటిది, కదిలినవాడికి ఇచ్ఛ లేదు కనుక ఇది పైకి రోకలి తాకిడిలాగే కనిపిస్తుంది. అయితే రోకలి చేతిని చేతి దగ్గరే లేపింది; తీగచుట్ట మాత్రం ప్రయత్నం ఏ దారిన దిగివస్తుందో ఆ దారి మధ్యలోకే ప్రవేశించింది. ప్రయత్నం లేకుండానే ప్రయత్నపు మార్గం పనిచేసిందంటే, ప్రయత్నమనేదే ఒక భ్రమ అని తేల్చడానికి తొందరపడేవారు ఉంటారు.

1992లో అమెరికాలో జరిగిన ఒక పరీక్ష ఆ తొందరకు ఊతమిచ్చింది. కుడి, ఎడమ వేళ్లలో ఇష్టమైనదాన్ని కదపమని కోరి, అదే సమయంలో చలన వల్కలాన్ని ప్రేరేపించగా, త్వరగా స్పందించిన సందర్భాల్లో ఎంపిక ప్రేరణకు ఎదుటి వైపు చేతి పక్షాన మొగ్గింది. పాల్గొన్నవారు మాత్రం ఎంపిక తమదేనని భావించారు. తరువాతి పరీక్షల్లో ఆ ప్రభావం నిలకడగా కనిపించలేదు. ఇంత బలహీనమైన పునాది మీద స్వేచ్ఛ లేదన్న సిద్ధాంతాన్ని కట్టడం తర్కానికి నిలవదు.

ఈ ప్రశ్నకు నిజమైన పరీక్షాస్థలం చలన రుగ్మతలు, అంటే కదలికను అదుపు చేసే మెదడు వ్యవస్థ చెడినందువల్ల వచ్చే వ్యాధులు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వణుకు వ్యాధిలో, నడిమెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు క్షీణిస్తాయి. ఫలితంగా రోగి కోరని వణుకు చేతిలో సాగుతుంది, కోరిన అడుగు మాత్రం పడదు. మొదటిది ఇచ్ఛ లేని చేష్ట, రెండోది చేష్ట లేని ఇచ్ఛ. గుమ్మం దగ్గర పాదాలు నేలకు అతుక్కున్నట్టు నిలిచిపోయిన రోగి, నేల మీద అడ్డగీతలు గీస్తే వాటిని దాటుతూ నడవగలగడం వైద్యులు ఏనాడో గమనించిన విషయం. కాళ్లలో బలం ఉంది, సంకల్పం ఉంది, రెంటినీ కలిపే అంతర్గత వ్యవస్థ ఒక్కటే లోపించింది. భ్రమ అయినదాన్ని పోగొట్టుకొని ఎవరూ ఇంతగా బాధపడరు.

పుర్రె తెరవని ప్రేరణ ఈ లోపాన్ని సరిదిద్దుతుందా అన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది. తీగచుట్ట ప్రభావం సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే పరిమితం కాగా, వ్యాధికి మూలమైన కేంద్రాలు అంతకంటే లోతున ఉంటాయి. పైపొరను పదేపదే ప్రేరేపించి, దానితో ముడిపడిన లోతు కేంద్రాలను పరోక్షంగా మార్చాలన్నది ఆశ. వణుకు వ్యాధిలో కదలికలు కొంత మెరుగైనట్టు చూపిన పరీక్షలు ఉన్నాయి గాని, ఆ మేలు పరిమితమైనది, శాశ్వతం కాదు. ఒకటి రెండు మిల్లీఆంపియర్ల ఏకముఖ విద్యుత్తును తల మీది పట్టీల ద్వారా పంపే పద్ధతిలో ఫలితాలు మరింత అస్థిరం. పైగా 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ప్రేరణ ఇస్తున్నట్టు నటించినప్పుడు కూడా వణుకు వ్యాధి రోగుల మెదడులో డోపమైన్ విడుదలైంది. నయమవుతుందన్న నమ్మకమే ఇక్కడ శరీరంలో కారణమై పనిచేసింది.

మనసును, పదార్థాన్ని పూర్తిగా వేరుచేసిన యూరపు ద్వైతానికి ఇది ఇబ్బంది గాని సాంఖ్యానికి కాదు. ఆ దర్శనంలో బుద్ధి, అహంకారం, మనసు కూడా ప్రకృతి పరిణామాలే, పురుషుడు కేవలం సాక్షి. ఈ సౌలభ్యానికి చెల్లించే మూల్యం మాత్రం పెద్దది. బంధమూ మోక్షమూ ప్రకృతివే తప్ప పురుషుడివి కావన్న సాంఖ్యమతంలో, చికిత్స వల్ల తిరిగి నడిచినవాడు ఎవరన్న ప్రశ్నకు జవాబుదారి దొరకడు. గీత పదునెనిమిదో అధ్యాయం కర్మకు అధిష్ఠానం, కర్త, కరణం, వివిధ చేష్టలు, దైవం అని అయిదు కారణాలు చెప్పినప్పుడు కర్తను తొలగించలేదు, ఒంటరిగానూ నిలపలేదు. రామానుజులు దీన్ని ఇంకా తీర్చిదిద్దారు: కర్తృత్వం జీవుడికి నిజంగానే ఉంది, అది పరమాత్మకు అధీనం, జీవుడు చేసే ప్రయత్నాన్ని అపేక్షించి పరమాత్మ అనుమతి ఇచ్చి దాన్ని సాగిస్తాడు. అధీనమైనదంతా అబద్ధం కానక్కర్లేదన్న ఈ వాదం గుమ్మం దగ్గర నిలిచిపోయిన రోగి స్థితికి తక్కిన వాటికంటే బాగా సరిపోతుంది. అతడి ప్రయత్నం అతడిదే; దాన్ని సాగనిచ్చే పరిస్థితులు అతడి చేతిలో లేవు. ప్రేరణ చేయగలిగితే ఆ పరిస్థితులను చక్కబరుస్తుంది, నడక అతడిదిగానే మిగులుతుంది.

అయితే ఈ సమాధానం చేష్ట వరకే సాఫీగా సాగుతుంది. డోపమైన్ పనిని అనుకరించే కొన్ని మందులు వాడిన వణుకు వ్యాధి రోగుల్లో కొందరికి అంతకుముందు లేని జూదపు వ్యసనం పట్టుకోవడం, మందు తగ్గిస్తే అది సడలడం వైద్యులకు తెలిసిన సంగతే. అక్కడ మారింది చెయ్యి కాదు, ఇచ్ఛ. రోగికి అది పరాయిదిగా తోచదు, తన కోరికగానే తోస్తుంది. ఇచ్ఛ ఆత్మగుణమన్న నైయాయికుడికి ఇది కణాదుడి రోకలి కంటే కఠినమైన ఉదాహరణ. మెదడు ప్రేరణ కదలికలను దాటి కోరికల కేంద్రాల వైపు సాగేకొద్దీ, ఆ కోరికతో ఆడిన జూదానికి బాధ్యుడు ఎవరన్నది దర్శనశాల దాటి న్యాయస్థానాల్లోనూ తేల్చవలసి వస్తుంది.