పాపకు పరీక్ష పెట్టకు

ఒరే చిన్నా,

పోయిన నెల నువ్వొచ్చినప్పుడు మన వీధి చివరి కొట్లో రెండు సీసాల చాక్లెట్లు మొత్తం కుమ్మరించి కొన్నావు చూడు, ఇంట్లో ఏదో శుభకార్యం ఉందనుకున్నాడు కొట్టాయన. రాత్రి మిద్దె మీద కూర్చుని ఒకటి విప్పి నోట్లో వేసుకున్నావు. కాసేపు చప్పరించి, "మామా, ఇది అది కాదు" అన్నావు. ఇంకొకటి విప్పి, కాగితాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశావు. తర్వాత నీ పాపను పిలిచి దాని నోట్లో ఒకటి పెట్టావు. అది రెండుసార్లు నమిలి, పళ్ళకు అతుక్కుంటోందని మొహం చిట్లించి, నీ అరచేతిలోనే ఊసేసింది. అప్పుడు నీ మొహం నేను చూశాను. పాపా చూసింది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

చిన్నప్పటి రుచి లేదని, తయారు చేసేవాళ్ళు మోసం చేస్తున్నారని అన్నావు. అంతా నీ భ్రమ అని కొట్టిపారేయను. రూపాయి చాక్లెట్టును రూపాయి పావలా చేయాలంటే అసలు పావలా ఏదీ? 2011 జూన్ 30తో పావలాకూ అంతకన్నా చిన్న బిళ్ళలకూ చెల్లుబాటు పోయింది. ధర కదలకపోతే బరువు కదులుతుంది, లేదా లోపలి సరుకు మారుతుంది. కోకో వెన్న ఖరీదు, పామాయిలు లాంటి కొవ్వులు చవక. కోకో వెన్న మన ఒంటి వేడికే కరిగి నాలుక మీద జారిపోతుంది. దాని బదులు వేసే కొవ్వుల్లో కొన్ని అంత తొందరగా కరగవు, అంగిట్లో మైనం పూసినట్టుంటుంది. 2024లో పశ్చిమాఫ్రికాలో పంట దెబ్బతిని కోకో గింజల ధర టన్ను 10 వేల డాలర్లు దాటింది. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరిచెట్ల నీడన కోకో వేసుకున్న రైతులు ఆ ఏడు కాస్త కళకళలాడారు. చాక్లెట్టు చేసేవాళ్ళు మాత్రం లెక్కలు మళ్ళీ వేసుకోవాల్సొచ్చింది.

అయినా నువ్వు చిన్నప్పుడు చప్పరించిన వాటిల్లో చాలావాటికి కోకోతో చుట్టరికమే లేదురా. కాగితం చుట్టి ఉన్నదల్లా మన నోట చాక్లెట్టే. పిప్పరమెంటూ చాక్లెట్టే, పాలు, పంచదార, గ్లూకోజు కాచి గట్టిపరిచినదీ చాక్లెట్టే. కాబట్టి కోకో నేరం కొంతే. మిగతా నేరం నీ నాలుకది. పెద్దవాళ్ళకు వెగటు పుట్టేంత తీపి పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. వయసు వస్తే ఆ యావ తగ్గుతుంది. నలభై మూడేళ్ళు వచ్చాయి, పొద్దున్నే చక్కెర లేని కాఫీ తాగుతావు, ఆ నాలుకకు పదేళ్ళ పిల్లాడి రుచి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక ఆ చాక్లెట్ల కంపెనీల్లో చేతులు మారినవి మారాయి. మన చిత్తూరు న్యూట్రిన్ 1952లో పుట్టింది. 2006లో గోద్రెజ్ వాళ్ళు కొన్నారు, ఆ మరుసటి ఏడే వాళ్ళతో అమెరికా హెర్షీ కలిసింది, చివరికి అంతా హెర్షీ చేతికే వెళ్ళింది. అంటే నువ్వు ఉద్యోగానికి వెళ్ళిన దేశమే న్యూట్రిన్ వాళ్ళ మహా లాక్టోనూ తీసుకుంది. ఇందులో ఎవరు ఎవర్ని వదిలి వెళ్ళినట్టో నువ్వే తేల్చుకో. పాన్ పసంద్ పేరు 2024లో రిలయన్స్ వాళ్ళ చేతికి పోయింది. పార్లే వాళ్ళ రోలా కోలా అయితే ఆగిపోయిన చాలా ఏళ్ళకు, జనం అడగ్గా అడగ్గా 2019లో మళ్ళీ అంగళ్ళలోకొచ్చింది. అడిగితే తెచ్చేవాళ్ళూ ఉన్నారు కనక అడగడంలో తప్పులేదు. అడుగు. కానీ పాప మీద అలగకు.

ఎందుకంటే ఆ పని నేను చేశాను, నీతోనే. నీకు ఆరేళ్ళప్పుడు తిరణాలకు తీసుకెళ్ళాను. బెల్లంపాకాన్ని మేకుకు తగిలించి, లాగి, మడిచి, మళ్ళీ లాగి జీళ్ళు చేస్తున్నారు. లాగేకొద్దీ నల్లటి పాకం బంగారు రంగుకు తిరుగుతుంటే కళ్ళార్పకుండా చూశావు. నా చిన్నతనం నీకూ నచ్చిందనుకుని పొట్లం కట్టించాను. ఒకటి కొరికి, "మామా, నాకు చాక్లెట్టు కావాలి" అన్నావు. నాకెంత కోపమొచ్చిందో! "మీ తరానికి రుచేం తెలుసురా" అని అందరి ముందూ గదమాయించాను. ఇంటికొచ్చేదాకా నువ్వు మాట్లాడలేదు. ఇప్పటికీ జీళ్ళు ముట్టవు. అవి పళ్ళకు అతుక్కుంటాయని చెబుతావు. నీ పళ్ళకు అతుక్కున్నది నా మాటేనని నాకు తెలుసు.

మొన్న పాప కూడా అదే మాట అంది, పళ్ళకు అతుక్కుంటోందని. నువ్వు గదమాయించలేదు, నాకన్నా మేలే. కానీ మొహం మాడ్చుకున్నావు. పిల్లలకు అది చాలు.

అంచేత నా మాట విను. నీ చిన్నతనం పాప నోటికి నచ్చి తీరాలని పట్టుబట్టకు. దాని వయసుకు దాని చాక్లెట్లు వేరే ఉన్నాయి. దాని చేతికి డబ్బులిచ్చి తనకిష్టమైనవి కొనుక్కోమను. పుల్లటివీ, నాలుక నీలం చేసేవీ, ఏవైనా సరే. అందులో ఒకటి నువ్వడిగి తిను. నీకు నచ్చకపోయినా ఊసేయకు. నీ కథ చెప్పాలనిపిస్తే చెప్పు, రుచి గురించి మాత్రం కాదు. కాకెంగిలి గురించి చెప్పు. ఒక్క చాక్లెట్టు తెచ్చుకుని, చొక్కా అంచులో చుట్టి, కణత నరాలు ఉబ్బేలా కొరికేవాడివి. చొక్కా అంచంతా పంటిగాట్లు, గోధుమరంగు మరకలు. ఉతకలేక మా అక్క తిట్టేది. గుడ్డ విప్పితే రెండు ముక్కలు, ఎప్పుడు చూసినా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది నీది. చెల్లెలు పిచ్చిది, "అన్న నాకు సగం పెట్టాడు" అని ఊరంతా చెప్పుకునేది.

నువ్వు కొన్న చాక్లెట్లు ఇంకా చాలా మిగిలే ఉంటాయి. న్యూజెర్సీలో ఉన్న నీ చెల్లెలికి పంపు. దానికి నువ్వు పెద్ద ముక్కలు బాకీ ఉన్నావు.