బండి మీద గొంగడి

సంక్రాంతికి అటూ ఇటూ పాలమూరు పల్లెల్లో తెల్లవారుజాము చలి చెవులను ముందు పట్టుకుంటుంది. బిజినేపల్లిలో నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్ దారులు కలిసేచోట ఇంకా చీకటి ఉండగానే చాయ్ హోటళ్ళ పొయ్యిలు వెలుగుతాయి. వట్టెం నుంచి, పాలెం నుంచి, నందివడ్డెమాన్ నుంచి పాల క్యాన్లు, కూరగాయల మూటలు కట్టుకున్న మోపెడ్లు, మోటారు సైకిళ్ళు ఒక్కటొక్కటే వచ్చి ఆగుతాయి. దిగేవాళ్ళ వేషాలు చూడాలి. ఒకరు కళ్ళు మాత్రమే కనిపించే మంకీ క్యాప్‌లో ఉంటారు. ఒకరు గాలి గుండీల సందుల్లోంచి దూరకుండా స్వెట్టరును వెనకవైపు ముందుకు తిప్పి తొడుక్కుంటారు. ఇంకొకరు చొక్కా లోపల నిన్నటి పేపరు మడతపెట్టి ఛాతీకి ఆనించుకుంటారు. అప్పుడప్పుడు, ఇప్పుడు మరీ అరుదుగా, వీళ్ళ మధ్య ఓ పెద్దాయన నల్ల గొంగడి కప్పుకుని దిగుతాడు.

దాని ఆకారం గురించి దాచేదేమీ లేదు. గొంగడికి భుజాలుండవు, చేతులుండవు, నడుముండదు. ఒళ్ళంతా పొడుచుకొచ్చిన బొచ్చు. ఒక కొసను మడిచి తలమీదికి లాక్కుంటే ముఖం ఎటుందో దగ్గరికొస్తే తప్ప తెలియదు. మంచులో తడిసి వచ్చినరోజు గొర్రెవాసన కూడా వస్తుంది. పొగమంచులోంచి అలాంటి మనిషి బండి మీద వస్తుంటే పిల్లలు నవ్వడంలో వింత లేదు. ఒకసారి హోటల్ ముందు చదువుకునే కుర్రాడొకడు, "ఏం తాతా, నల్లమల నుంచి ఎలుగుబంటి దిగినట్టే దిగినవ్" అన్నాడు. ఆయన గ్లాసులో చాయ్ ఊదుకుంటూ, "ఎలుగుబంటి సలికి వణికిందని ఎన్నడన్న ఇన్నవా బిడ్డా?" అన్నాడు. కోపం లేదు, దెప్పడం లేదు. తనకు తెలిసిన సంగతి చెప్పాడంతే. కుర్రాడు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆ జవాబు నాకు చాలాకాలంగా పనికొస్తోంది. బాగా బతకడమంటే ఏమిటని ఆలోచించినప్పుడల్లా పెద్ద పుస్తకాలకంటే ముందు ఆ మాటే గుర్తొస్తుంది. చలి తగిలేది మన ఒంటికి. ఆకారం కనబడేది ఎదుటివాళ్ళ కంటికి. ఈ రెండింటిలో దేనికోసం బట్ట కట్టుకుంటున్నామో ఆ పెద్దాయనకు స్పష్టంగా తెలుసు. మనలో చాలామందికి తెలియదు, లేదా తెలిసీ ఎదుటివాళ్ళ కన్నునే ఎంచుకుంటాం.

బండి మీది చలి ఇంట్లో కూర్చున్న చలి కాదు. మన ఒళ్ళు తన చుట్టూ పల్చటి వెచ్చని గాలిపొరను ఎప్పుడూ తయారుచేసుకుంటూ ఉంటుంది. కదలకుండా కూర్చుంటే ఆ పొర మనతోనే ఉంటుంది. బండి కదలగానే ఎదురుగాలి దాన్ని ఊడ్చుకుపోతుంది. మళ్ళీ ఒళ్ళు వేడి పుట్టించాలి, మళ్ళీ గాలి ఎత్తుకుపోవాలి. అంటార్కిటికాలో పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు 1941లో నీళ్ళ గొట్టాన్ని గాలికి పెట్టి, ఏ గాలిలో ఎంతసేపటికి గడ్డకడుతుందో కొలిచారు. గాలి వేగాన్ని చలితో కలిపి లెక్కగట్టడం అక్కడ మొదలైంది. ఇప్పటి సూత్రం ప్రకారం చూస్తే, పది డిగ్రీల తెల్లవారుజామున గంటకు 50 కిలోమీటర్ల గాలి ముఖానికి కొడితే చర్మానికి అది అయిదారు డిగ్రీల చలిలా తగులుతుంది. పాలమూరు రైతు ఈ సూత్రం చదవలేదు. చదవాల్సిన పనీ లేదు. హ్యాండిల్ మీద కొంకర్లు పోయిన వేళ్ళు బ్రేకు పట్టలేకపోవడం ఆయనకు తెలుసు.

గొంగడి చేసే పని ఆ గాలిపొరను కాపాడడం. దక్కనీ గొర్రె ఉన్ని మెత్తనిది కాదు. ముతక, మొరటు, వెంట్రుకలా బిరుసు. మెత్తటి ఉన్ని అణిగిపోయేచోట ఈ బిరుసు పోగులు లేచి నిలబడతాయి. పోగుకూ పోగుకూ మధ్య గాలి చిక్కుకుని కదలకుండా ఉంటుంది. వెచ్చదనమంతా అలా చిక్కుకున్న గాలిలోనే ఉంది. అంటే చూడడానికి ఏది వికారమో, మెడకు ఏది గుచ్చుకుంటుందో, అదే మనిషిని కాపాడుతోంది. ఆ బొచ్చును నున్నగా గొరిగి అందంగా చేస్తే గొంగడి అందంగానే ఉంటుంది, చలి మాత్రం ఆగదు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. వెచ్చదనం కావాలన్నవాడు వెంట్రుకలతో తగువు పెట్టుకోకూడదు. మనుషుల విషయంలోనూ నాకిదే అనుభవం. మా ఊళ్ళల్లో కష్టకాలంలో వెంట నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది మాట మొరటువాళ్ళే.

ఉన్నికి ఇంకో గుణముంది. తన బరువులో మూడోవంతు దాకా తేమను లోపలికి పీల్చుకున్నా పైకి తడిసినట్టు అనిపించదు. పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడినీ విడుస్తుంది. పొగమంచులో పది కిలోమీటర్లు వచ్చిన నూలు దుప్పటి పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. గొంగడి దులిపితే చాలు. నిప్పురవ్వ పడినా అక్కడ కాస్త మాడుతుంది తప్ప మంట అందుకోదు. యాసంగి వేరుశనగ చేనుకు అడవిపందుల కావలి ఉండేవాళ్ళు నెగడు పక్కన దీన్ని కప్పుకుని ధైర్యంగా పడుకునేది అందుకే.

దీని వెనక ఎంత పని ఉందో ఆలోచిస్తే వికారమన్న మాట నోట రాదు. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఒక గొర్రె నుంచి ఏడాదంతటికీ వచ్చేది మామూలుగా కిలో లోపే. దాన్ని ఏకాలి, రాట్నం మీద వడకాలి. వడికేది ఎక్కువగా ఆడవాళ్ళు. పడుగును సాగదీసి చింతగింజల గంజి పట్టించాలి, అప్పుడు మగ్గం మీదికెక్కించి నేయాలి. రంగు వేయరు. గొర్రె ఏ నలుపుతో పుట్టిందో గొంగడిదీ ఆ నలుపే. బిజినేపల్లి మండలంలోని నందివడ్డెమాన్‌లో శనేశ్వరుడి గుడికి జనం నల్లబట్ట, నువ్వులనూనె పట్టుకుని భయభక్తులతో వస్తారు. అదే నలుపును గొర్రెలకాపరి ఏడాది పొడుగునా భుజాన వేసుకుని తిరుగుతాడు. అది ఆయనకు పరుపు, గొడుగు, పిల్లలకు ఉయ్యాల, కులపెద్దలు కూర్చునే ఆసనం. గొర్రెలు కాచే కురుమల్లో పెళ్ళికి ఉన్నితోనే కంకణం కట్టుకునే శాఖ ఒకటుంది.

బొచ్చుబట్ట కట్టుకుని సవారీ చేసింది మనవాళ్ళొక్కరే కాదు. అమెరికాలో ఉత్తరాన మోంటానా, వయోమింగ్ మైదానాల్లో పశువులు తోలే రౌతులు 1880ల తర్వాత అంగోరా మేకతోళ్ళను వెంట్రుకలు పైకి ఉండేలా కుట్టించుకుని, ప్యాంటు మీదుగా కాళ్ళకు తొడుక్కునేవాళ్ళు. దూరం నుంచి చూస్తే మనిషికి నడుము కింద మేక కాళ్ళు మొలిచినట్టుండేది. వానలో తడిస్తే బరువెక్కి కంపుకొట్టేవి కూడా. అయినా మంచుగాలిలో రోజంతా గుర్రం మీద ఉండేవాడికి అంతకు మించిన దిక్కు లేదు. దక్షిణాన టెక్సాస్ ముళ్ళపొదల్లో తిరిగేవాళ్ళు మాత్రం వాటి జోలికి పోలేదు, నున్నటి తోలు తొడుగులే వాడారు. బొచ్చయితే ముళ్ళకు చిక్కుకుంటుంది కదా. కాకసస్ కొండల్లో గుర్రపు రౌతులది ఇంకో తీరు. ఉన్నిని నేయకుండా తడిపి, తొక్కి, అట్టలా గట్టిపరిచిన పెద్ద బొచ్చు కంబళి భుజాల మీద నుంచి గుర్రం వీపు దాకా కప్పుకునేవాళ్ళు. దాగెస్తాన్‌లోని ఆండి గ్రామం ఆడవాళ్ళు చేసినవాటికి ఆ ప్రాంతమంతా పేరు. వీళ్ళలో ఎవరూ ఎవరినీ చూసి నేర్చుకోలేదు. అక్కడి చలి, అక్కడి జంతువు, అక్కడి సవారీ కలిసి ఆ బట్టను పుట్టించాయి. మోంటానా రౌతు ఫొటో చూసి మనవాళ్ళు ముచ్చటపడతారు. అదే బొచ్చు మన కురుమ పెద్దాయన భుజాన ఉంటే ముఖం తిప్పుకుంటారు.

ఈ ముఖం తిప్పుకోవడం నన్ను బాధపెడుతుంది. బొచ్చంటే మనకు నిజంగా ఇష్టం లేకపోతే సరే అనుకోవచ్చు. కానీ మోపెడ్ల సీట్లకు పులిచారల పాలిస్టర్ బొచ్చు కవర్లు తొడుగుతున్నాం. పెళ్ళికి మింక్ బ్లాంకెట్లు కానుకగా ఇస్తున్నాం. కారు స్టీరింగుకు కూడా బొచ్చు తొడుగే. కాబట్టి ఇబ్బంది బొచ్చుతో కాదు, ఆ బొచ్చు ఎవరిదన్నదానితో. గొంగడి కప్పుకుంటే గొర్లకాడి మనిషి అనుకుంటారని భయం. మంద వెంట నడిచినవాళ్ళ పిల్లలే ఇప్పుడు కాలేజీకి పోతూ, "నాయినా, గొంగడి ఏసుకోని కాలేజి కాడికి రాకు" అంటున్నారు. ఆ పిల్లల్ని తప్పుపట్టలేను. వాళ్ళకు ఆ సిగ్గు పుట్టుకతో రాలేదు. బడిలో, బస్సులో, ఆఫీసు గుమ్మంలో ఎవరో ఒకరు చూసిన చూపు నుంచి వచ్చింది. కొన్ని తరాలుగా ఆ చూపు చూసినవాళ్ళం దాని బరువెంతో లెక్కవేసుకోవాలి.

ప్రజాగాయకుడు గద్దర్ గోచీ కట్టి, గొంగడి భుజాన వేసుకుని వేదికెక్కినప్పుడు జనం ఆ గొంగడిని చూసి నవ్వలేదు. తమ ఇంటి దండెం మీద ఉన్నదాన్నే అంత ఎత్తున, అంత వెలుతురులో చూశారు. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు చాలామందికి పాటతోపాటు మొదట గుర్తొచ్చింది ఆ వేషమే. అయితే వేదిక మీది గౌరవం తెల్లవారుజాము రోడ్డు మీదికి ఇంకా పూర్తిగా దిగి రాలేదు. సభలో గొంగడి కప్పి సన్మానం చేయడం తేలిక. దాన్ని కప్పుకుని బండి ఆపిన మనిషికి బెంచీ మీద జరిగి చోటివ్వడం దగ్గరే మన మనసు ఏపాటిదో తేలుతుంది.

ఇంకోవైపు గొంగడి దొరకడమే కష్టమవుతోంది. మాంసానికి గిరాకీ పెరిగాక మందల్లో నల్లటి దక్కనీ గొర్రె తగ్గి, ఒంటి మీద ఉన్ని లేని నెల్లూరు జాతి పెరుగుతూ వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా చాలావరకు పక్క రాష్ట్రాల నుంచి తెచ్చినవే. కాపరికి పూట గడవాలి, మాంసం ధర ఉన్నికి లేదు, ఆయన లెక్క తప్పు కాదు. ఇటు పాత ఉన్నిబట్టల్ని చీల్చి పోగుచేసి పానిపట్ ఫ్యాక్టరీలు నేసే చవక కంబళ్ళు సంత సంతకూ వస్తున్నాయి. చేత్తో ఏకి, వడికి, నేసిన గొంగడి ఆ ధరతో ఎలా పోటీపడుతుంది? ఒక్కటి మాత్రం చెప్పాలి. చవక కంబళి రెండుమూడు చలికాలాలకే పలచబడుతుంది. గొంగడిని తండ్రి కప్పుకున్నాక కొడుకు కప్పుకున్న ఇళ్ళు ఈ మండలంలో ఇంకా ఉన్నాయి.

చదివి ఎవరైనా కొనుక్కోవాలనుకుంటే, బండి మీద వాడేముందు కొన్ని సంగతులు మనసులో పెట్టుకోండి. గొంగడి హెల్మెట్‌కు బదులు కాదు. తలకు హెల్మెట్ పెట్టుకుని గొంగడిని మెడ దగ్గర నుంచే కప్పుకోవాలి. ఇక్కడ ఆ పెద్దాయనను అనుసరించవద్దు. వేలాడే కొసలు చక్రంలోకో, గొలుసులోకో పోతే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి రెండు కొసలూ ముందుకు తెచ్చి ఛాతీ మీద ఒకదాని మీద ఒకటి వేసి, నడుముకు తువాలుతో బిగించి కట్టుకోవాలి. మిగిలింది తొడల కింద నొక్కి కూర్చోవాలి. వెనక ఎవరైనా కూర్చుంటే వాళ్ళవైపు జారకుండా చూసుకోవాలి. వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు, వేస్తే ముడుచుకుపోతుంది. తడిస్తే పిండకుండా నీడన ఆరేయాలి. చలికాలం అయిపోయాక ఒకటి రెండు రోజులు ఎండకు వేసి బాగా దులిపి, వేపాకు వేసి మడతపెట్టాలి. కొత్తది మొదటి ఏడాది మెడకు గుచ్చుకుంటుంది. లోపల పాత నూలు తువాలు చుట్టుకోండి. వాడేకొద్దీ మెడ తగిలేచోట బొచ్చు మెత్తబడి, తువాలు లేకపోయినా సరిపోతుంది.