వెల్డింగ్ హెల్మెట్ కొనేటప్పుడు ఎవరి మాట ప్రమాణం?

గేటు కమ్మీ ఊడితే తామే అతికించుకునేవాళ్లు, మేడ మీద మొక్కల స్టాండు సొంతంగా చేసుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్ మధ్యతరగతికి అందే ధరలోకి వచ్చింది. దానికి తోడుగా కొనవలసిన ఆటో డార్కెనింగ్ హెల్మెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగుతుంది. ఒకటి వెయ్యి, రెండు వేలకు దొరుకుతుంది, మరొకటి దానికి పదింతలు పలుకుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, ఆర్క్ వెలగగానే రెండూ నల్లబడతాయి. చవకది పెట్టుకుంటే కళ్లు పాడవుతాయా అన్నది కొనేవాడి భయం. ఈ భయం వెనక ఉన్నది మన తార్కికులు శతాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్నే: స్వయంగా చూసి తేల్చుకోలేని విషయంలో మరొకరి మాటను ఎప్పుడు జ్ఞానంగా ఒప్పుకోవాలి? దీనికి సరైన జవాబు పట్టుకుంటే ధర గురించిన బెంగ సగం తీరిపోతుందని నా అభిప్రాయం. ఆ జవాబు కోసం కంపెనీల ప్రకటనల కన్నా మన పాత తర్కమైన న్యాయశాస్త్రాన్ని అడగడం మేలు.

ముందు కంటి సంగతి. వెల్డింగ్ ఆర్క్‌లో కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు ఒక భాగం మాత్రమే. దానితోపాటు అతినీలలోహిత కిరణాలు, పరారుణ కిరణాలు వస్తాయి. వీటిని కన్ను చూడలేదు. అతినీలలోహితం కంటి పైపొరను కాల్చేస్తుంది, కానీ ఆ సంగతి అప్పుడు తెలియదు. చాలాసార్లు 6 నుంచి 12 గంటల తర్వాత, అర్ధరాత్రి వేళ, కంట్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి. అది ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి పేరుకునే హాని అలా తగ్గేది కాదు. వెల్డింగ్‌లో వెలువడే అతినీలలోహిత కిరణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. కంటికి హాని చేసే వస్తువును కన్నే కనిపెట్టలేని చోట, ప్రత్యక్షమొక్కటే ప్రమాణమన్న చార్వాకుల పక్షం నిలబడదు. చూసి నమ్ముతానని పట్టుబట్టినవాడు చూసే సాధనాన్నే పణంగా పెట్టవలసి వస్తుంది.

హెల్మెట్ లోపలి నిర్మాణం చూస్తే చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. ముందున్న గాజు మీద అతి పలుచని పూతలు ఉంటాయి. కనబడని కిరణాలను ప్రధానంగా అడ్డుకునేది ఆ గాజే. దాని వెనక పోలరైజర్ల మధ్య లిక్విడ్ క్రిస్టల్ పొర ఉంటుంది. ఆర్క్ వెలుగు సెన్సర్‌కు తగిలిన క్షణంలో ఆ పొరకు కరెంటు అంది గాజు నల్లబడుతుంది. స్వీడన్‌కు చెందిన ఓకే హోర్నెల్ 1981లో స్పీడ్‌గ్లాస్ పేరుతో ఇలాంటి హెల్మెట్ తెచ్చాక ఈ పద్ధతి లోకమంతా పాకింది. మామూలుగా 3 లేదా 4వ షేడ్‌లో ఉండే గాజు ఆర్క్ రాగానే 9 నుంచి 13 మధ్య మనం పెట్టుకున్న షేడ్‌కు మారుతుంది. 4వ షేడ్ కంటికి కనబడే వెలుగులో సుమారు ఇరవయ్యో వంతును లోపలికి రానిస్తుంది, 10వ షేడ్ సుమారు ఏడువేలో వంతునే రానిస్తుంది. ముందు గాజు మీది పూత మాత్రం బ్యాటరీ ఉన్నా అయిపోయినా, గాజు నల్లబడినా బడకపోయినా తన పని తాను చేస్తూనే ఉంటుంది. అంటే మనం పరీక్షించగలిగే గుణం, నల్లబడడం, కంటికి ప్రధానంగా సుఖాన్ని ఇచ్చేది. కంటిని నిజంగా కాపాడే గుణం మన పరీక్షకు అందదు.

దుకాణంలో హెల్మెట్‌ను ఎండకు తిప్పి చూపిస్తారు. నల్లబడగానే బాగా పనిచేస్తోందంటారు. తర్కభాషలో ఇది అనుమానం, తెలిసిన గుర్తును పట్టుకుని తెలియనిదాన్ని చేరుకోవడం. పొగను చూసి నిప్పు ఉందనగలుగుతున్నామంటే ఆ రెంటికీ విడదీయరాని సంబంధం ఉంది కనుక. గాజు నల్లబడడానికీ అతినీలలోహితాన్ని ఆపడానికీ అలాంటి సంబంధం లేదు, అవి రెండు వేరు వేరు పొరల పనులు. పూత సరిగా లేని గాజు కూడా ఎండలో చక్కగా నల్లబడగలదు. కాబట్టి ఎండ పరీక్ష పనికిమాలినదని కాదు, కానీ అది రుజువు చేసేది లిక్విడ్ క్రిస్టల్ పొరను మాత్రమే. గౌతముడి న్యాయసూత్రాల్లో వేదప్రామాణ్యం గురించి ఒక వాదం ఉంది. మంత్రాలూ ఆయుర్వేదమూ చెప్పిన ఫలితాన్ని ఇస్తున్నట్టు అనుభవంలో తెలుస్తోంది, అవి చెప్పినవారు నమ్మదగినవారని దానివల్ల తేలుతోంది, కనుక కంటికందని విషయాల్లోనూ వారి మాట నమ్మవచ్చునన్నది దాని సారం. ఈ వాదంలో నమ్మకం ఒక విషయం నుంచి మరో విషయానికి నేరుగా దూకదు, చెప్పినవారి ద్వారా వెళుతుంది. హెల్మెట్ విషయంలోనూ అంతే. ఎండ పరీక్షలో నెగ్గడం తయారీదారు పరపతిని కొంత పెంచవచ్చు. అయితే ఆ తయారీదారు ఎవరో తెలిసినప్పుడే ఆ పెరుగుదలకు అర్థం.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఇంతలా శంకిస్తే రోజు గడవదు కదా? కుమారిల భట్టు అనుయాయులైన మీమాంసకులు అన్నది ఇదే. జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణం, దాన్ని కొట్టేసే మరో జ్ఞానం వచ్చేదాకా నమ్మవచ్చు. ఆరు నెలలుగా ఇదే హెల్మెట్ వాడుతున్నాను, నాకేమీ కాలేదనే వాడు తెలియకుండానే మీమాంసకుడి పక్షాన నిలబడుతున్నాడు. నిత్యజీవితంలో ఈ పక్షం చాలావరకు సరైనదే. బస్సు మీద రాసిన ఊరి పేరు తప్పయితే తర్వాతి స్టాపులోనే తెలిసిపోతుంది, నష్టం పది రూపాయలు. ఆర్క్ కిరణాల విషయంలో తప్పని తేల్చే జ్ఞానం ఆ రాత్రికి రావచ్చు, లేదా ఇరవై ఏళ్లకు కంటిశుక్లం రూపంలో రావచ్చు. అప్పటికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. పనిలో ఫలించడాన్ని బట్టి జ్ఞానం సరైనదని తేలుతుందనే నైయాయికుల, అంటే న్యాయశాస్త్రాన్ని అనుసరించేవారి, పద్ధతి కూడా ఇక్కడ ఆలస్యంగానే అందుతుంది. కానీ మీమాంసకులు మరో మాట కూడా చెప్పారు, దాన్ని తరచూ మరిచిపోతాం. జ్ఞానం పుట్టిన మూలంలోనే దోషం తెలిసినా దాన్ని నమ్మనక్కరలేదు. పెట్టె మీద తయారీదారు పేరు గానీ ఏ స్టాండర్డ్ ప్రకారం పరీక్షించారన్న గుర్తు గానీ లేకపోవడం అలాంటి మూలదోషమే. దాన్ని గుర్తించడానికి కన్ను మండేదాకా ఆగనక్కరలేదు.

మరి నమ్మదగినవాడెవరు? న్యాయసూత్రాలకు రాసిన న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు రెండు షరతులు పెట్టాడు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలనే కోరిక ఉండాలి. ఆ వెంటనే ఆయన అన్న మాట నాకెంతో విలువైనదిగా తోస్తుంది: ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానంగా వర్తిస్తుంది. పుట్టుక, దేశం, ప్రతిష్ఠ ఇక్కడ లెక్కలోకి రావు. దీన్ని హెల్మెట్‌కు వర్తింపజేస్తే చైనా సరుకు కదా అన్న తిరస్కారం చెల్లదు, పెద్ద కంపెనీ పేరు ఉంది కదా అన్న ధీమా కూడా సరిపోదు. పరీక్షించినవారు విషయం ఎరిగినవారై ఉండాలి, ఆ ఫలితాన్ని తమ పేరుతో రాసి జవాబుదారీగా నిలబడాలి. ఐరోపాలో చాలాకాలం నడిచిన ఈఎన్ 379 ముద్ర ఇందుకు మంచి ఉదాహరణ. దాని స్థానంలోకి ఇప్పుడు ఐఎస్ఓ 16321 వస్తోంది గానీ బజారులో పాత ముద్రే ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. గాజు అంచున ముందు 4/9-13 అని షేడ్‌లు, తర్వాత తయారీదారును గుర్తించే అక్షరాలు, ఆ తర్వాత 1/1/1/2 వంటి నాలుగు అంకెలు, చివర 379 ఉంటాయి. ఆ అంకెల్లో 1 ఉత్తమం, 3 అధమం. అవి గాజులో బొమ్మ ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, పక్క నుంచి చూసినా నలుపు ఎంత సమానంగా ఉంటుందో చెబుతాయి. అమెరికా సరుకు మీద జెడ్87 అనే గుర్తు ఉంటుంది. సీఈ అనే రెండక్షరాలు మాత్రమే అచ్చువేసి ఊరుకున్నదాంట్లో మాట ఇచ్చినవాడెవరో తెలియదు.

ముద్రను దొంగగా వేయవచ్చు కదా అంటారు. వేయవచ్చు, వేస్తున్నారు కూడా. శబ్దాన్ని, అంటే నమ్మదగినవారి మాటను, విడి ప్రమాణంగా ఒప్పుకోని బౌద్ధ తార్కికులు ఇక్కడ ఆదుకుంటారు. వారిలో మొదటివాడైన దిఙ్నాగుడు వేంగి దగ్గరి కొండ మీద ఉండి తర్కగ్రంథం రాశాడని చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ రాశాడు గనుక ఈ ఆలోచన మనకు దూరపుది కాదు. ఆయన బాటలో నడిచిన ధర్మకీర్తి శాస్త్రవాక్యాన్ని మూడు విధాల పరీక్షించమన్నాడు: చూసినదానితో విరోధించకూడదు, ఊహించి తేల్చినదానితో విరోధించకూడదు, తనలో తాను విరోధించకూడదు. ఆ పరీక్షలో నెగ్గినా అది నిశ్చయజ్ఞానం కాదని, పూర్తిగా అగోచరమైన చోట మరో దారి లేక దాన్ని ఆశ్రయిస్తామని కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. దొంగముద్రలు చాలావరకు ఆ మూడో పరీక్షలోనే దొరికిపోతాయి. పెట్టె మీద ఒక షేడ్, గాజు మీద మరో షేడ్, కాగితంలో మూడోది ఉంటే తయారీదారు తన మాటకే కట్టుబడలేదన్నమాట. గాజు మీద ఏమీ లేకుండా స్టిక్కర్ మీద మాత్రమే ముద్ర ఉన్నా అనుమానించవలసిందే.

పేదవాడికి ఈ మీమాంస ఎందుకు, డబ్బున్నవాడే ముద్ర ఉన్నది కొంటాడు అనే మాట వింటే బాధ కలుగుతుంది. నిజానికి ధర పెరిగేది చాలావరకు వేరే వాటివల్ల: విశాలమైన గాజు, నాలుగు సెన్సర్లు, డిజిటల్ బటన్లు, తక్కువ ఆంపియర్ల టిగ్ వెల్డింగ్‌ను కూడా పసిగట్టే సున్నితత్వం. ఇంట్లో రెండున్నర మిల్లీమీటర్ల రాడ్‌తో 70, 90 ఆంపియర్ల మధ్య పనిచేసేవాడికి 10వ షేడ్ సరిపోతుంది, రెండు సెన్సర్లు చాలు. సెకనులో పదివేలో వంతులో నల్లబడినా పాతికవేలో వంతులో నల్లబడినా ఆ పనికి పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే ఆ మధ్యకాలంలోనూ పూత కాపలా ఉంటుంది. వీటన్నిటినీ వదులుకోవచ్చు. ముద్రను వదులుకోకూడదు. ఆ మేరకు కూడా డబ్బు కుదరకపోతే పేరున్న తయారీదారు 10వ లేదా 11వ షేడ్ మామూలు పచ్చగాజును చేత్తో పట్టుకునే షీల్డులో బిగించుకోవడం, ఊరూపేరూ లేని ఆటో హెల్మెట్ కన్నా నమ్మదగినది. రాడ్ తాకించే ముందు షీల్డు ముఖానికి అడ్డం పెట్టుకోవాలి, అంతవరకు చీకట్లో గురి చూసుకోవాలి. కష్టమే, కానీ దాన్ని అలవాటుతో నేర్చుకోవచ్చు. ఆ గాజును కూడా బీటలు లేకుండా చూసి, అంచున షేడ్ నంబరూ తయారీదారు గుర్తూ ఉన్నాయో లేదో దుకాణంలోనే చదివి తీసుకోవాలి.